మేడ మీద డెక్ పలకలు లేస్తున్నాయా, కింద గదిలో చెమ్మ కొడుతోందా? ముందు ఒక పలక విప్పి చూడండి

విజయవాడలో మా మేడ మీద డెక్, అంటే ఫ్రేము మీద పలకలు పరిచి చేసే నేల, వేయించిన తర్వాత వచ్చిన మొదటి మే నెల. మధ్యాహ్నం రెండింటికి ఆరేసిన బట్టలు తీద్దామని పైకెళ్తే పిట్టగోడ పక్కన మూడు పలకలు ఒకదాన్నొకటి తోసుకుని గుడారంలా లేచి ఉన్నాయి. పలకలు నాసిరకం అని ఇంట్లో అందరం తేల్చేశాం. తీరా విప్పి చూస్తే పలకలు నిక్షేపంగా ఉన్నాయి, బిగించిన పద్ధతే తప్పు. ఆ తర్వాత బంధువుల ఇళ్లలో చూసిన డెక్కుల్లో కూడా చాలావరకు ఇదే కథ, అందుకే కొత్త పలకలకి డబ్బు పెట్టకముందే కింద ఏముందో చూడమని ఇంతగా చెబుతున్నాను.

పలకలు ఎండకి పైకి లేస్తున్నాయి

డబ్ల్యూపీసీ పలక అంటే చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసింది. అందులో ప్లాస్టిక్ ఉంది కాబట్టి ఎండకి పొడవు వైపు సాగుతుంది. పది అడుగుల పలక జనవరి తెల్లవారుజాముకీ మే మధ్యాహ్నానికీ మధ్య దాదాపు 5, 6 మిల్లీమీటర్లు సాగుతుంది. మాది డిసెంబరులో వేశారు, సందు కనపడితే బాగుండదని కార్పెంటర్ చివర్లు కలిపేసి, గోడకి ఆనించి మరీ బిగించాడు. ఇంక సాగడానికి చోటేదీ?

మొత్తం పీకాల్సిన పని లేదు. గోడ వైపు చివర్లకి గీత కొట్టి, కట్టర్‌తో ఒక సెంటీమీటరు కోయించండి. పలకకీ పలకకీ మధ్య చివర్లలో 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఉండాలి, మీ పలకతో వచ్చిన కాగితంలో వేరే లెక్క ఉంటే అదే పాటించండి. స్క్రూ ఒక్కో పలకకి మధ్యలో ఒక్కచోటే, మిగతా అంతా పలక పక్క గాడిలో దూరి పట్టుకునే క్లిప్పులే. ఆ సందుల్లో సిలికాన్ మాత్రం నింపనివ్వకండి, అంత కష్టపడి వదిలిన చోటు మళ్లీ మూసుకుపోతుంది.

కింద గదిలో సీలింగ్‌కి చెమ్మ

నాకు బాగా కోపం తెప్పించేది ఇదే. ఫ్రేము కదలకూడదని పలకల్ని కింద నుంచి మోసే బాక్సు పైపులకి స్లాబులోకే డ్రిల్ వేసి యాంకర్ బోల్టులు దించుతారు, వేసిన ప్రతి కన్నం వాటర్‌ప్రూఫింగ్‌ని చీల్చుకుని పోతుంది. మా ఇంట్లో ఒక బోల్టు ఊడదీస్తే చుట్టూ రూపాయి బిళ్లంత తుప్పు మరక, కన్నం నిండా నీళ్లు. వాన పడి అప్పటికి నాలుగు రోజులైంది!

బోల్టులన్నీ తీసేయించండి. కన్నాల్లో దుమ్ము ఊది, ఎండనిచ్చి, కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపించి, పైన వాటర్‌ప్రూఫింగ్ కోటింగ్ మళ్లీ వేయించాలి. అది ఆరాక తూములు మూసి 48 గంటలు నీళ్లు నిలబెట్టండి, కింద సీలింగ్ పొడిగా ఉంటేనే ఫ్రేము ఎక్కించనివ్వండి. మేస్త్రీ తొందరపెట్టినా వినకండి. ఈసారి ఫ్రేమంతా ఒకే ముక్కలా అడ్డపట్టీలతో కలిపించి, కింద రబ్బరు ప్యాడ్లు పెట్టి ఊరికే కూర్చోబెట్టడమే, స్లాబుకి డ్రిల్ తగలకూడదు.

వాన పడ్డాక కంపు, పాచి, దోమలు

రెండు కారణాలు. ఒకటి, స్లాబుకి వాటం లేకపోవడం: పది అడుగులకి ఒకటిన్నర అంగుళం దిగాలి. రెండోది ఎవరూ పట్టించుకోరు, బాక్సు పైపులు నీళ్లు పారే దారికి అడ్డంగా పడుకోబెట్టడం. మా దగ్గర ఆ పైపుల వెనక పక్కింటి వేపాకులు కుళ్లి నల్లటి ముద్దలా పేరుకుపోయాయి. పైపుల కింద ప్యాడ్లు పెట్టి అంగుళమైనా లేపితే నీళ్లు కింద నుంచి పోతాయి. తూము మీద రెండడుగుల ముక్క విడిగా, చేత్తో ఎత్తగలిగేలా చేయించుకుని నెలకోసారి ఎత్తి ఆకులు తీసేయండి. వాటమే లేకపోతే మాత్రం డెక్ ఎత్తి, వాటం సరిచేయించడం తప్ప దారి లేదు.

నడిస్తే టకటకమంటోంది, ఊగుతోంది

పైపుల మధ్య దూరం కొలవండి. అడుగు నుంచి 14 అంగుళాల లోపు ఉండాలి, పైపు మిగులుతుందని రెండడుగులు చేసేస్తారు. మధ్యలో ఇంకో పైపు వేయిస్తే సరిపోతుంది. ఒక్కచోటే చప్పుడైతే ప్యాడ్ జరిగి ఉంటుంది, లేదా క్లిప్పు వదులై ఉంటుంది. స్క్రూలు తుప్పు పడితే 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలువి వేయించండి, విశాఖ, కాకినాడ లాంటి సముద్రగాలి తగిలే ఊళ్లలో 316 గ్రేడువి.

కాళ్లు కాలుతున్నాయి

వేసేశాక చేయగలిగింది తక్కువ, షేడ్ నెట్ కట్టడమో పందిరి వేయడమో. కొనకముందైతే శాంపిల్ ముక్క తెచ్చుకుని ఎండలో పెట్టి మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా నిలబడి చూడండి. ముదురు రంగు మీద పది సెకన్లు నిలబడలేరు. నీడే లేని మేడకి నేనైతే ఎండని తిప్పికొట్టే తెల్లటి కూల్ టైల్స్ వేసుకోమంటాను, డెక్ కావాలంటే నీడ పడే మూల వరకు చాలు.

పలకే ఉబ్బి, పొరలు ఊడుతోంది

అసలు అది డెక్ పలకేనా? కిచెన్ కప్‌బోర్డులకి వాడే బోర్డుని కూడా మన దగ్గర డబ్ల్యూపీసీ అనే అమ్ముతారు, ఇంటి లోపలికి పనికొచ్చే ఆ తేలిక సరుకు ఎండావానకి ఆగదు. దీనికి రిపేరు లేదు, మార్చాల్సిందే. బయట వేసే పలక చేతిలోకి తీసుకుంటే బరువు తెలుస్తుంది, పక్కల్లో క్లిప్పు దూరడానికి గాడి ఉంటుంది. బిల్లు మీద బయట వాడే డెక్ పలక అని రాయించుకుని, వారంటీ కాగితం చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.