దమ్ముకి ముందే ట్రాక్టర్ లిఫ్ట్ చూసుకోండి

ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు చెరువుల్లోకి నీళ్లొచ్చి ఉభాలు (వరి నాట్లు) మొదలయ్యాయంటే, మడిని బురదగా కలియదున్నే దమ్ము పనితో ట్రాక్టర్‌కి ఒక్కపూట కూడా తీరిక ఉండదు. అప్పుడు మడి మధ్యలో, వెనక పనిముట్టుని ఆయిల్ ప్రెషర్‌తో ఎత్తి దించే లిఫ్ట్ మొరాయిస్తే మెకానిక్ దొరకడమే కష్టం. దొరికినా బురద చేతులతో లిఫ్ట్ కవర్ విప్పితే మట్టి లోపలికి పోయి ఇంకో తంటా. అందుకే నేల పొడిగా ఉండగానే ఈ పని చేసుకోవాలి.

ముందు ఆయిల్ చూడండి, రిపేరు సంగతి తర్వాత. బండిని చదునైన చోట ఆపి, లిఫ్ట్ చేతులు పూర్తిగా దించి, ఇంజన్ ఆపిన కాసేపటికి డిప్‌స్టిక్ తీయాలి. చేతులు పైకి ఉంటే కొంత ఆయిల్ సిలిండర్‌లోనే ఉండిపోయి లెవెల్ తక్కువ చూపిస్తుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టే. పోయినేడు ఇరుసు దాకా నీళ్లలో తిరిగిన బండికి, గేర్ లివర్ రబ్బరు చిరిగిన బండికి ఇది మామూలే. వాడకుండా నెలల తరబడి నిలబెట్టిన బండిలో మన సముద్రపు గాలికి చెమ్మ కూడా చేరుతుంది. పైన కొంచెం కొత్త ఆయిల్ పోసి సరిపెట్టుకోవద్దు. బండిని కాసేపు నడిపి, ఆయిల్ వేడెక్కాక మొత్తం దించేసి, ఫిల్టర్ శుభ్రం చేసో మార్చో, మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. చాలా మోడళ్లలో గేరుబాక్సుకీ లిఫ్ట్‌కీ ఒకటే ఆయిల్, కాబట్టి మిగిలిన ఇంజన్ ఆయిల్ కలిపితే రెండూ దెబ్బతింటాయి.

ఇప్పుడు రోటవేటర్ (తిరిగే బ్లేడ్లతో మట్టిని కలియదున్నే పనిముట్టు) తగిలించి ఎత్తి చూడండి. అసలు లేవకపోతే కంగారు పడొద్దు. కొన్ని మోడళ్లలో లిఫ్ట్‌కి ఆయిల్ తోసే పంపు పీటీవో షాఫ్ట్ (ఇంజన్ శక్తిని వెనక పనిముట్టుకి అందించే కడ్డీ) మీద నడుస్తుంది, పీటీవో లివర్ వేయకపోతే లిఫ్ట్ కదలదు. నెమ్మదిగా లేస్తూ పంపు కీచుమంటుంటే ఆయిల్ తగ్గిందో, ఫిల్టర్ మూసుకుపోయిందో, పంపులోకి ఆయిల్ లాగే సక్షన్ పైపులో గాలి దూరుతోందో చూడాలి. ఖాళీగా లేచి బరువుతో లేవకపోతే పంపు అరిగి ఉండొచ్చు, లేదా ఎక్కువైన ప్రెషర్‌ని వదిలే రిలీఫ్ వాల్వు దగ్గరే ప్రెషర్ పోతుండొచ్చు. ట్రాక్టర్ వెనక తగిలించే ట్రక్కు తొట్టిని ఎత్తే హైడ్రాలిక్ పైపు మీకు ఉంటే అదే మంచి పరీక్ష: తొట్టి నిండు బరువుతో బాగా లేస్తూ రోటవేటర్ మాత్రం లేవకపోతే పంపు మంచిదే, లోపం లిఫ్ట్ సిలిండర్ వైపో కంట్రోల్ వాల్వులోనో ఉంది. ఈ ఒక్క ముక్క మెకానిక్‌కి చెప్పినా అనవసరంగా పంపు మార్చే ఖర్చు తప్పుతుంది.

పైకెత్తి ఇంజన్ ఆపాక రోటవేటర్ కళ్లెదుటే జారుతుంటే, నడుస్తున్నప్పుడు ఎగిరెగిరి పడుతుంటే, సాధారణంగా పిస్టన్ ఓ-రింగ్ (ఆయిల్ కారకుండా ఆపే గుండ్రటి రబ్బరు) గానీ సీల్ గానీ పోయినట్టు. దీన్ని "ఈ సీజన్ లాగించేద్దాం" అని వదలొద్దు. గడ్డి చుట్టుకుందని బ్లేడ్ల కింద చేయి పెట్టేది దమ్ములోనే. పీటీవో లివర్ తప్పించి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, రోటవేటర్ కింద గట్టి దుంగలు పెట్టాకే చేయి పెట్టండి. ఒక్క జాకీని నమ్మొద్దు. పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఇంకోటి, లీకు ఎక్కడుందో వేలితో తడిమి చూసే అలవాటు మానాలి. కారు టైరులో ఉండేది రెండు బార్ల గాలి, లిఫ్ట్ పైపులో ఆయిల్ చాలా బండ్లలో 150 నుంచి 200 బార్ల దాకా ఉంటుంది. సూదిమొనంత రంధ్రంలోంచి వచ్చినా చర్మంలోకి దూరిపోతుంది. అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. పైపు విప్పే ముందు ఇంజన్ ఆపి, లిఫ్ట్ చేతులు కిందికి దించి, లివర్లు అటూఇటూ ఆడించి ప్రెషర్ వదలాలి. ఆయిల్ గుచ్చుకుంటే మొదట్లో చిన్న గాయంలాగే కనబడుతుంది, నొప్పీ ఉండకపోవచ్చు. పసుపు అద్ది ఇంట్లో ఉండిపోవద్దు. గంటలు గడిచేకొద్దీ వేలు దక్కే అవకాశం తగ్గుతుంది. వెంటనే 108కి ఫోన్ చేసి, విశాఖలోని కేజీహెచ్ లాంటి సర్జన్లున్న ఆసుపత్రికి వెళ్లి "ప్రెషర్ ఆయిల్ లోపలికి పోయింది" అని స్పష్టంగా చెప్పండి.

మీ మోడల్‌కి సరిపడే ఓ రింగుల సెట్టు, ఒక ఫిల్టర్, ఒక డబ్బా ఆయిల్ సిటీకి వెళ్లినప్పుడే తెచ్చి, దుమ్ము తగలకుండా కవర్లో కట్టి ఇంట్లో ఉంచుకోండి.