గేమ్ మానకుండా గ్రైండింగ్ పిచ్చి తగ్గించుకోవడం ఎలా

ఒక గుర్రం కోసం నాలుగు నెలలు తిరిగాను నేను. నిజం గుర్రం కాదులెండి, ఒక ఆన్‌లైన్ గేమ్‌లో ఒక బాస్‌ని (గుహ చివర ఉండే పెద్ద శత్రువుని) చంపితే ఎప్పుడో ఒకసారి పడే గుర్రం, డ్రాప్ ఛాన్స్ 1 శాతం. రోజూ రాత్రి అదే గుహ, అదే బాస్, వాడు చెప్పే అదే డైలాగ్ (నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి), చంపడం, పెట్టె తెరవడం, లేదు, మళ్ళీ గుహ, వస్తువు కోసం ఇలా అదే పని మళ్ళీ మళ్ళీ చెయ్యడాన్నే గ్రైండింగ్ అంటారు. గానుగెద్దుకైనా సాయంత్రం కట్టు విప్పుతారు, నాకు అదీ లేదు. చివరికి ఒక రాత్రి పడింది. గట్టిగా అరిచాను, స్క్రీన్‌షాట్ తీసి గిల్డ్ (గేమ్‌లో కలిసి ఆడే మా జట్టు) గ్రూప్‌లో పెట్టాను, గుర్రం ఎక్కి సిటీ అంతా రెండు రౌండ్లు వేశాను, అదంతా కలిపి ఒక పది నిమిషాలు, పదకొండో నిమిషంలో "ఇదే గుర్రం నల్ల రంగులో కూడా ఉందట కదా, అదెక్కడ పడుతుంది" అని వెతుకుతున్నా.

అప్పుడు వెలిగింది నాకు. నాలుగు నెలలు నన్ను తిప్పింది గుర్రం కాదు, ఈసారి పడుతుందేమో అన్న ఆ ఎదురుచూపు. గుర్రం వచ్చాక ఎదురుచూపు అయిపోయింది కాబట్టి ఇంకో ఎదురుచూపు కావాల్సి వచ్చింది, అంతే. గేమ్ డిలీట్ చెయ్యండి అని మాత్రం నేను చెప్పను, ఒకసారి అదీ చేసి చూశా, రెండు వారాలకి ఇంకో గేమ్‌లో ఇంకో గుహలో తేలాను.

ముందు మిమ్మల్ని ఏ కొక్కెం పట్టుకుందో తెలుసుకోండి, ఎందుకంటే ఒక్కోదానికి ఒక్కో రకంగా విడిపించుకోవాలి. పెద్దది లక్కు కొక్కెం. స్కిన్నర్, ఫెర్‌స్టర్ అని ఇద్దరు సైకాలజిస్టులు పావురాలతో చేసిన ప్రయోగాలన్నీ 1957లో పుస్తకంగా వేశారు, అందులో సంగతేంటంటే ఇన్నిసార్లు పొడిస్తే ఒకసారి గింజలు అని లెక్క ఫిక్స్‌డ్‌గా ఉంటే పావురం గింజలు తిన్నాక కాసేపు ఆగుతుంది, అదే ఎన్నోసారికి వస్తుందో తెలియకుండా పెడితే ఆగదు, టకటకా పొడుస్తూనే ఉంటుంది, గింజలు ఇవ్వడం మానేశాక కూడా చాలాసేపు పొడుస్తుంది. లూట్ డ్రాప్ (బాస్‌ని చంపాక లక్కుంటే వస్తువు పడటం) అంటే ఇదే, ముక్కు బదులు మౌస్. దీనికి తోడు ఇంకోటి ఉంది, వోల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతుల మీద చేసిన పనిలో (1997లో వచ్చిన పేపర్ బాగా ఫేమస్) తేలిందేంటంటే జ్యూస్ వస్తుందని చెప్పే లైటుకి కోతి ఒకసారి అలవాటు పడితే, మెదడులో డోపమైన్ అనే రసాయనాన్ని వదిలే కణాలు జ్యూస్ నోట్లో పడ్డప్పుడు కాకుండా లైటు వెలిగినప్పుడే స్పందిస్తాయి. రేర్ ఐటమ్ పడితే నేల మీంచి లేచే ఆ రంగు వెలుగూ, ఆ టింగ్‌మనే సౌండూ ఊరికే పెట్టినవి కావు మరి.

రెండోది బార్ కొక్కెం, అంటే ఎక్స్‌పీ (ఆడినకొద్దీ వచ్చే అనుభవం పాయింట్లు) బార్ నిండుతూ ఉండటం. రూన్‌స్కేప్ అనే ఆన్‌లైన్ గేమ్‌లో ఒక స్కిల్ 99కి చేరాలంటే 1,30,34,431 ఎక్స్‌పీ కావాలి, 92కి వచ్చినవాడు ఇంకేముంది ఏడు లెవెల్సే అనుకుంటాడు కానీ 92 అంటే 65,17,253, అంటే వాడు ఉన్నది సగం దారిలో! ఆ ఏడు లెవెల్సూ అంతవరకు ఆడిన మొత్తం ఆటంత. కానీ కళ్ళకి "దగ్గరకొచ్చేశా" అనే కనిపిస్తుంది, దగ్గరకొచ్చినవాడు వెనక్కి తిరగడు. గేమ్ మొదట్లోనే ఫ్రీగా కొన్ని లెవెల్స్ ఎక్కించి పంపడం కూడా ఇదే ట్రిక్. నూన్స్, డ్రేజ్ అని ఇద్దరు 2006లో కార్ వాష్ కార్డులతో ఒక పరీక్ష చేశారు, ఒక గుంపుకి 8 స్టాంపుల ఖాళీ కార్డు, ఇంకో గుంపుకి 10 స్టాంపుల కార్డు కానీ 2 ముందే కొట్టి ఇచ్చారు, రెండిట్లోనూ కొట్టించుకోవాల్సినవి 8, అయినా ఖాళీ కార్డు వాళ్ళలో 19 శాతం పూర్తి చేస్తే రెండు కొట్టి ఇచ్చినవాళ్ళలో 34 శాతం చేశారు.

మూడోది క్యాలెండర్ కొక్కెం. డైలీస్ (రోజూ చేస్తే బహుమతి ఇచ్చే చిన్న పనులు), లాగిన్ స్ట్రీక్ (ఒక్కరోజూ తప్పకుండా వరసగా ఎన్ని రోజులు వచ్చామన్న లెక్క), సీజన్ అయిపోతోంది అనే టైమర్. ఇక్కడ ఆశ కాదు పనిచేసేది, పోతుందేమో అన్న భయం. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ గేమ్ తయారవుతున్నప్పుడు ఎక్కువసేపు ఆడితే ఎక్స్‌పీ సగానికి తగ్గేలా పెట్టారట, టెస్ట్ చేసినవాళ్ళు తిట్టుకున్నారు, దాంతో తిరగేసి కాసేపు ఆడకుండా రెస్ట్ తీసుకుంటే డబుల్ ఎక్స్‌పీ, ఆ తర్వాత మామూలు అని మార్చారు. లెక్క దాదాపు అదే, పేరు మారేసరికి శిక్ష కాస్తా బహుమతి అయింది, అందరూ హ్యాపీ. డైలీ బోనస్ చూసినప్పుడల్లా దీన్ని తిరగేసి చదువుకోండి, "రోజూ వస్తే బోనస్" అంటే "ఒక్కరోజు రాకపోతే కోత" అని.

సరే, ఇప్పుడు పనిలోకి దిగుదాం. మొదటి వారం ఏమీ మార్చొద్దు, మామూలుగానే ఆడండి, కాకపోతే పక్కన ఒక కాగితం పెట్టుకోండి. ఫోన్‌లో యాప్ వద్దు, అందులోనూ స్ట్రీక్ ఉంటుంది (నవ్వకండి, నాకు జరిగింది). గేమ్ ఓపెన్ చేసే ముందు ఎందుకు చేస్తున్నానో ఒక ముక్క, మూసేటప్పుడు ఎంతసేపయిందో ఒక అంకె, మధ్యలో నిజంగా మజా వచ్చిన నిమిషాలు ఎన్నో అంచనాగా ఇంకో అంకె. నా కాగితంలో "ఎందుకు" అన్నచోట ఏడు రోజుల్లో ఐదు రోజులు "డైలీస్ మిస్ అవుతాయని" అనే ఉంది, ఫ్రెండ్స్‌తో ఆడాలనిపించి ఓపెన్ చేసింది రెండే రెండుసార్లు, మజా నిమిషాలు దాదాపు అన్నీ ఆ రెండు రోజుల్లోనే. వారం చివర్లో కాగితం చూస్తే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

తర్వాత లెక్క, దీన్ని మాత్రం దాటెయ్యకండి. 1 శాతం డ్రాప్ అంటే 100 రన్‌లు (ఒక రన్ అంటే ఒకసారి గుహకి వెళ్ళి బాస్‌ని చంపి రావడం) చేస్తే వచ్చేస్తుంది అని అందరం అనుకుంటాం, రాదు. క్యాలిక్యులేటర్‌లో 100 సార్లు 0.99ని 0.99తోనే గుణిస్తూ పోండి, 0.366 వస్తుంది, అంటే 100 రన్‌లు చేసిన 100 మందిలో 37 మంది ఉత్త చేతులతోనే ఉంటారు. 69 రన్‌లకి సగం మందికి వస్తుంది, 300 చేసినా ఇంకా ఐదుగురికి రాదు. మీ రన్‌కి 6 నిమిషాలు పడుతుందనుకోండి, 100 రన్‌లంటే 10 గంటలు, 300 అంటే 30 గంటలు. మొదలుపెట్టకముందే మిమ్మల్ని మీరు అడగాల్సింది ఇదీ: ఈ వస్తువు కోసం 30 గంటలు పెట్టి కూడా రాకపోతే నాకు ఓకేనా? ఓకే అయితే హ్యాపీగా దిగండి, గ్రైండింగ్ ఏమీ పాపం కాదు. ఓకే కాకపోతే మొదటి రన్ కూడా వద్దు, ఎందుకంటే 40 రన్‌లు అయ్యాక ఆపడం చాలా కష్టం, "ఇంత చేశాను కదా" అని మనసు అడ్డం పడుతుంది. గేమ్ మనకేమీ బాకీ లేదండీ, 200 సార్లు రాలేదు కాబట్టి 201వ సారి ఛాన్స్ పెరగదు, అదే 1 శాతం. కొన్ని గేమ్‌లలో నిజంగానే పెరుగుతుంది, దాన్ని పిటీ అంటారు, గెన్‌షిన్ ఇంపాక్ట్ అనే గేమ్‌లో 5 స్టార్ (అన్నిటికంటే అరుదైన) క్యారెక్టర్ ఛాన్స్ 0.6 శాతమే కానీ 90వ విష్‌లోపు (విష్ అంటే లక్కు మీద చేసే ఒక్కో ప్రయత్నం) ఒక 5 స్టార్ కచ్చితంగా వస్తుంది, అలాంటివాటిల్లో మీరు ఎన్నోదాని దగ్గర ఉన్నారో రాసి పెట్టుకోండి, ఊహ మీద ఆడొద్దు. డబ్బు పెట్టి, లోపల ఏముందో తెలియకుండా తెరిచే లూట్ బాక్సుల సంగతి వేరు, 2018లో బెల్జియం కొన్ని గేమ్‌ల లూట్ బాక్సుల్ని జూదం కిందే లెక్కకట్టింది, నా సలహా అయితే కార్డు వివరాలు గేమ్‌లో సేవ్ చేసి ఉంచొద్దు, ప్రతిసారీ లేచి వెళ్ళి కార్డు తెచ్చుకోవాల్సొస్తే సగం ఖర్చు దానంతటదే ఆగుతుంది.

ఆపడం ఎప్పుడు అనేది కూడా ముందే పెట్టుకోవాలి, వస్తువు వచ్చాక ఆపుతా అంటే అది రూల్ కాదు, ఆశ. ఈరోజు 8 రన్‌లు, అంతే, కాగితం మీద గీతలు పెట్టుకోండి, ఎనిమిదో గీత పడగానే లేవడం. అలారం పెట్టుకునేవాళ్ళు ఫోన్ పక్కన పెట్టుకుంటే లాభం లేదు, వేరే గదిలో పెట్టండి, మోగితే కుర్చీలోంచి లేవాలి, ఒకసారి లేచామంటే "ఒక్క రన్" మాయ సగం దిగిపోతుంది. రేర్ వస్తువు పడిన వెంటనే కూడా ఆపెయ్యండి, ఆ ఊపులో చేసే రన్‌లే అన్నిటికంటే ఎక్కువ, ఈరోజు నా లక్కు బాగుంది అనిపిస్తుంది కదా, అది లక్కు కాదు ఊపే. ఇంకోటి, పెట్టె దగ్గర లాగౌట్ అవ్వకండి, సిటీకి వచ్చి బ్యాగ్ సర్దుకుని, అమ్మేవి అమ్మేసి అప్పుడు అవ్వండి. బుర్ర చల్లారడానికి ఆ ఐదు నిమిషాలు కావాలి, లేదంటే పడుకున్నాక కూడా గుహలోనే తిరుగుతూ ఉంటాం.

స్ట్రీక్ సంగతి, దాన్ని కావాలనే తెంపండి. అనుకోకుండా తెగితే ఏడుపొస్తుంది, మనమే రోజు చూసుకుని తెంపితే ఏమీ కాదు. నాది 143 రోజుల స్ట్రీక్, ఒక బుధవారం అనుకుని లాగిన్ అవ్వలేదు, ఆ రాత్రి పదకొండున్నరకి చెయ్యి దురద పెట్టినట్టే ఉంది, పన్నెండు దాటాక ఏదో బరువు దిగింది, మూడో రోజుకి అసలు గుర్తులేదు. నోటిఫికేషన్లు ఆ రోజే ఆఫ్ చేసెయ్యండి. బ్యాటిల్ పాస్ (డబ్బు కట్టి కొంటే సీజన్‌లో లెవెల్స్ ఎక్కేకొద్దీ బహుమతులిచ్చేది) అలవాటున్నవాళ్ళకి ఒక చిట్కా, సీజన్ మొదట్లో కొనకండి, చాలా గేమ్‌లలో చివరి వారంలో కొన్నా అప్పటిదాకా ఎక్కిన లెవెల్స్ రివార్డులన్నీ ఒకేసారి ఇచ్చేస్తారు (మీ గేమ్‌లో ఎలా ఉందో ఒకసారి చూసుకోండి), అప్పుడు మీరు ఆడినదానికి పాస్ కొంటారు, లేదంటే కొన్న పాస్ కోసం ఆడతారు.

గిల్డ్ దగ్గరే అందరూ ఇరుక్కునేది. లక్కునీ బార్‌నీ లెక్కలతో కొట్టొచ్చు, కానీ "ఏరా ఒక్కడు తక్కువయ్యాడు రారా" అని ఫ్రెండ్ పిలిస్తే ఏ లెక్కా పనిచెయ్యదు. నేను చెయ్యని తప్పు లేదు ఇక్కడ, కరెంట్ పోయిందని అబద్ధం చెప్పా, ఒంట్లో బాలేదని చెప్పా, దొరికిపోయా కూడా. చివరికి మామూలుగా చెప్పేశా, "రేయ్, ఇకనుంచి నేను మంగళవారం, శనివారం మాత్రమే, రెయిడ్‌కి ఆ రోజుల్లో అయితే పక్కా వస్తా" అని (రెయిడ్ అంటే అందరం కలిసి పెద్ద బాస్ మీదకి వెళ్ళడం). "ఏమైందిరా, ఇంట్లో ఏమన్నా అన్నారా" అన్నాడు ఒకడు, ఇంకొకడు మాత్రం పర్సనల్‌గా మెసేజ్ పెట్టాడు, "నాక్కూడా రోజూ రావడం అవట్లేదురా, ఎవరు ముందు చెప్తారా అని చూస్తున్నా" అని. రోజులు ఫిక్స్ చేసి చెప్పండి, "తగ్గిస్తా" అని చెప్తే ఎవరికీ అర్థం కాదు, మనకి కూడా.

ఏ రోజుల్లో గ్రైండింగ్ ఎక్కువ అవుతోందో కూడా కాగితంలో చూసుకోండి. నాకైతే ఆఫీసులో పని ముందుకి కదలని రోజుల్లోనే గుహ పిలిచేది. బయట వారమంతా కష్టపడినా ఏం మారిందో కనపడదు, గేమ్‌లో అరగంట కొడితే బార్ కదులుతుంది, చేసినదానికి చేసినంత. అది తప్పు అనను, చేతులకి పని బుర్రకి రెస్ట్ లాంటి గ్రైండింగ్ నేను ఇప్పటికీ చేస్తా, కానీ అలాంటి రోజు ఇంకా తక్కువ రన్‌లు రాసుకుని కూర్చుంటా. కంట్రోల్ అసలు లేదు, నిద్రా చదువూ ఉద్యోగమూ ఇంట్లోవాళ్ళూ అన్నీ వెనక్కి పోయాయి, దెబ్బ తగులుతోందని తెలిసినా ఆడుతూనే ఉన్నారు, ఇదంతా ఏడాదిగా నడుస్తోంది అంటే మాత్రం కాగితాలూ గీతలూ సరిపోవు, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని గేమింగ్ డిజార్డర్ అని జబ్బుల లిస్టులోనే పెట్టింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, డాక్టర్ దగ్గరకి వెళ్ళండి, ఏడాది నిండేదాకా కూడా ఆగక్కర్లేదు.

కొత్త గ్రైండ్ మొదలుపెట్టే ముందు నేను ఒక పరీక్ష చేసుకుంటా, ఆవు పరీక్ష అని పేరు పెట్టుకున్నా. 2010లో ఇయాన్ బొగోస్ట్ అనే ఆయన ఇలాంటి గేమ్‌లని వెక్కిరించడానికి ఫేస్‌బుక్‌లో కౌ క్లికర్ అని ఒకటి చేశాడు, ఆరు గంటలకి ఒకసారి ఆవు మీద క్లిక్ చెయ్యాలి, అంతే గేమ్. వెక్కిరింపుకి చేస్తే జనం సీరియస్‌గా ఆడారు. ఆయనకే విసుగొచ్చి 2011లో ఆవులన్నిటినీ మాయం చేసేశాడు, అయినా కొంతమంది ఆవు ఉండాల్సిన ఖాళీ చోట క్లిక్ చేస్తూనే ఉన్నారు. కాబట్టి వస్తువుని తీసేసి చూడండి, ఆ రేర్ వస్తువు ఎప్పటికీ పడదు అని ముందే తెలిస్తే కూడా ఈ గుహకి వెళ్ళాలనిపిస్తుందా, బాస్ ఫైట్ బాగుందనో ఫ్రెండ్స్ ఉంటారనో ఇంకేదో కారణం మిగులుతుందా? మిగిలితే వెళ్ళండి. మిగలకపోతే మీరు నొక్కేది ఖాళీ చోటే.

నల్ల గుర్రం ఇంకా పడలేదు. మంగళవారం, శనివారం, రోజుకి 8 రన్‌ల చొప్పున ఇప్పటికి 212 అయ్యాయి (ఒక శనివారం నాలుగు మాత్రమే చేశా, నిద్రొచ్చింది), లెక్క కడితే 100లో 12 మందికి ఇలాగే అవుతుంది, ఆ పన్నెండు మందిలో నేనొకణ్ణి.