పాత రేడియోకి కొత్త ఇత్తడి నేమ్‌ప్లేట్: పని ఎక్కడ చెడుతుంది, ఎలా సరిచేయాలి

చెక్క పెట్టెకి మెరుపు తెప్పించాక, ముందున్న నేమ్‌ప్లేట్ అరిగిపోయి కనిపిస్తే మనసు ఒప్పదు. ఇత్తడి రేకు మీద కొత్తది మనమే చెక్కుకోవచ్చు. అక్షరాలని కాగితం మీద లేజర్ ప్రింట్ తీసి, ఆ టోనర్‌ని (ప్రింటర్ పొడి సిరాని) ఇస్త్రీపెట్టెతో రేకుకి అంటించి, టోనర్ లేని చోట లోహాన్ని ఫెర్రిక్ క్లోరైడ్ అనే రసాయన ద్రావణంతో తినిపించి, పడిన గాడిలో రంగు నింపడమే పద్ధతి. ప్లేటు పాడైతే అందరూ ముందు ఫెర్రిక్ క్లోరైడ్‌నే అనుమానిస్తారు. నేను చూసినంతలో తప్పు అంతకుముందే, రేకు కడగడంలోనే జరిగిపోయి ఉంటుంది.

కాగితంతో పాటు టోనర్ కూడా ఊడొస్తోంది

కారణం జిడ్డు. తళతళలాడే కొత్త రేకు మీద కూడా వేలిముద్రలుంటాయి. 600 నంబరు నీటి ఎమరీ కాగితంతో రుద్ది, సబ్బుతో కడిగి, కుళాయి కింద పట్టండి. నీరు పల్చటి పొరలా అంతటా పరుచుకుంటే శుభ్రమైనట్టు. చుక్కలుగా విడిపోతే మళ్లీ రుద్దాల్సిందే. తర్వాత అంచులు మాత్రమే పట్టుకోండి.

ఇస్త్రీ చేశాక కాగితాన్ని లాగకండి. రేకు చల్లారాక నీళ్లలో నానబెట్టి, మెత్తబడ్డ కాగితాన్ని బొటనవేలితో నలిపి తీయండి. ప్రింట్ లేజర్ ప్రింటర్‌దే కావాలి. టోనర్ వేడికి కరిగే ప్లాస్టిక్ పొడి కాబట్టే రేకుకి అతుక్కుంటుంది. ఇంక్‌జెట్ సిరాకి ఆ గుణం లేదు.

అక్షరాలు తిరగబడ్డాయి

అద్దంలో కనిపించేలా తిప్పి ప్రింట్ తీయలేదు. మళ్లీ మొదలుపెట్టాలి.

నున్నగా ఉండాల్సిన చోట సూదిమొన గుంటలు

టోనర్ పొరలో చిల్లులు. ద్రావణంలో వేసే ముందే భూతద్దంతో చూసి నెయిల్ పాలిష్‌తో పూడ్చండి. గుంటపడ్డాక చేసేదేమీ లేదు. రేకు వెనకవైపు, అంచులు టేప్‌తో మూయడం మరవద్దు.

సన్నని గీతలు కరిగిపోయాయి

ఇక్కడ ఓపిక కావాలి. ద్రావణం లోతుకే కాదు, టోనర్ కిందుగా పక్కలకీ తింటుంది. ఎక్కువసేపు ఉంచితే ఉబ్బెత్తు అక్షరాలు సన్నబడతాయి, లోతు అక్షరాలు లావెక్కుతాయి. రంగు నిలవడానికి 0.1 మిల్లీమీటరు లోతు చాలు. రేకుని బోర్లా వేలాడదీస్తే మడ్డి కిందికి రాలిపోయి, చెక్కుడు సమంగా వస్తుంది. గోరువెచ్చగా ఉంచితే పని త్వరగా అవుతుంది. ఐదేసి నిమిషాలకి తీసి, కడిగి చూడండి.

గిన్నె ప్లాస్టిక్‌ది లేదా గాజుది, చేతికి గ్లౌజులు, కళ్లకి అద్దాలు తప్పనిసరి. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది; సింకులో పోయకుండా సీసాలో దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకి ఇవ్వండి.

నింపిన రంగు లేచిపోతోంది

గాడిలో మిగిలిన ద్రావణమే కారణం కావచ్చు. వంటసోడా నీళ్లతో, పాత టూత్‌బ్రష్‌తో తోమి, కడిగి, పూర్తిగా ఆరబెట్టండి. ఎనామిల్ వేశాక గట్టిపడనివ్వండి. తొందరపడి రుద్దితే ప్లేటు పాడవుతుంది. గాడి బయట అంటిన రంగు పోయేలా 1000 నంబరు ఎమరీని చదునైన చెక్కకి చుట్టి రుద్దాలి. ఉత్త వేలితో రుద్దితే, వేలు గాడిలోకి దిగి రంగుని తోడేస్తుంది.

కొన్నాళ్లకే నల్లబడింది

రుద్దిన వెంటనే, చెయ్యి తగలకుండా, పారదర్శక లక్కర్ పల్చగా రెండు పూతలు వేయండి. పాతబడ్డ పెట్టె మీద కొత్త మెరుపు ఎబ్బెట్టుగా ఉంటుందనిపిస్తే, కావలసినంత మాసేదాకా ఆగి అప్పుడు వేయండి.