ఎంత జారామో చూపించే పెన్సిల్ వరుస

గాజువాకలో ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఆదివారం ఆరాధన మానేసి స్నేహితులతో రుషికొండ వెళ్లాను. తప్పనిపించలేదు. ఆ తర్వాత దొంగ బిల్లు మీద సంతకం, ఆపైన తమ్ముడి పెళ్లిలో లాంఛనాల పేరుతో కట్నం. ఒక్కొక్కటీ చిన్నదే, అందరూ చేసేదే.

ఇప్పుడొక పని చేస్తున్నాను, మీరూ చేసి చూడండి. శనివారం రాత్రి, బైబిలు చివరి ఖాళీ పేజీలో ఆ వారం ఎక్కడ తలొగ్గానో తేదీ వేసి పెన్సిల్‌తో ఒక్క వరుస రాస్తాను. మూడు నెలల వరుసలు ఒకేసారి చదివితే గుండె గుభేలుమంటుంది. ఎంత దూరం జారానో అప్పుడే తెలుస్తుంది.

ఎవరైనా బలవంతపెడితే చెప్పే జవాబు కూడా ముందే సిద్ధం చేసుకోండి. బైబిల్లో, బబులోనుకు బందీగా వెళ్లిన యూదు యువకుడు దానియేలు, తన విశ్వాసం ప్రకారం అపవిత్రమని రాజు భోజనం ముట్టకూడదని ముందే నిశ్చయించుకున్నాడు. అలాగని గొడవపడలేదు, శాకాహారం, నీళ్లు ఇచ్చి 10 రోజులు పరీక్షించి చూడమని వినయంగా అడిగాడు. నాకు ఆ వినయం ఎంతో నచ్చుతుంది. గ్లాసు చేతికొచ్చాక నాకు నోరు పెగలదు. అందుకే ఆఫీసు విందుకు వెళ్లేటప్పుడు, బస్సు ఆర్టీసీ కాంప్లెక్స్ చేరేలోపే, "మందు వద్దండి, నిమ్మసోడా చాలు" అని రెండుసార్లు పైకే అనుకుంటాను.