మాంగా ప్యానెల్‌తో కటకానా సాధన

జపనీస్ కొత్తగా నేర్చుకునేవాళ్లు షోనెన్ మాంగాతో, అంటే అబ్బాయిల కోసం గీసే జపనీస్ కామిక్స్‌తో మొదలుపెట్టండి. వాటిలో సాధారణంగా కాంజీ (చైనా నుంచి వచ్చిన అక్షరాలు) పక్కనే దాన్ని ఎలా పలకాలో చిన్న హిరగానా (ధ్వనిని రాసే జపనీస్ లిపి) అక్షరాల్లో ఉంటుంది, కాబట్టి డిక్షనరీలో వెతకడం చాలా తేలిక. రోజుకు ఒక్క ప్యానెల్ (పేజీలో ఒక బొమ్మ గడి) చాలు, పెన్సిల్‌తో దించండి.

శబ్దాల అక్షరాలు మాత్రం అస్సలు వదలొద్దు. గుండె దడకు రాసే 'దొకిదొకి' లాంటివి ఎక్కువగా కటకానాలో (జపనీస్‌లో ఇంకో ధ్వని లిపి), బొమ్మలో భాగంగా గీసి ఉంటాయి. వాటినీ దించితే చెయ్యి తిరుగుతుంది, అక్షరమూ గుర్తుంటుంది. కటకానాలో 'షి', 'త్సు' చూడ్డానికి దాదాపు ఒకటే. గీస్తేనే తేడా పట్టుబడుతుంది. 'షి'లో పొడుగు గీత కింది నుంచి పైకి, 'త్సు'లో పై నుంచి కిందికి లాగాలి.

డైలాగులు గట్టిగా చదవండి. కానీ హీరోలు ఎదుటివాళ్లను పిలిచే 'ఒమాఎ' (నువ్వు) అనే మాట టీచర్ దగ్గర వాడకండి, చాలా మొరటుగా ఉంటుంది.