గట్టు తగాదా వస్తే కంచె ఎలా వేసుకోవాలి?

పక్క పొలం ట్రాక్టరు ఏటా ఒక సాలు గట్టును కోసుకుంటూ వస్తుంది. నాలుగేళ్లకు ఆ గట్టు మీద మనిషి నడిచే చోటు కూడా మిగలదు. అప్పుడు కడుపు మండి రాత్రికి రాత్రే స్తంభాలు పాతేస్తారు. అది మాత్రం చేయకండి. కొలత పడేదాకా కంచె వద్దు.

ముందు లెక్క వేసుకోండి. వంద మీటర్ల గట్టు ఒక అడుగు జరిగితే పోయేది సుమారు 328 చదరపు అడుగులు, అంటే ముప్పావు సెంటు. వదిలేయమని కాదు, ఎంత కోసం కొట్లాడుతున్నామో తెలియాలి కదా.

తర్వాత కాగితాలు. పాసుపుస్తకంలో విస్తీర్ణం ఉంటుంది గానీ గట్టు ఎక్కడుండాలో ఉండదు. అది చెప్పేది ఎఫ్‌ఎంబీ, అంటే పొలం హద్దులు, కొలతలు గీసి ఉండే సర్వే పటం. తెలంగాణలో అయితే టిప్పన్ అంటారు. దాని నకలు తీసుకోండి.

ఇప్పుడు పక్క రైతు దగ్గరికి ఒక్కరే వెళ్లండి. "అన్నా, సర్వేయర్‌ని పిలిపిద్దాం, ఖర్చు చెరిసగం, రాయి ఎక్కడ పడితే అక్కడే హద్దు" అనండి. చాలా గొడవలు ఈ మాట దగ్గరే చల్లబడతాయి.

ఒప్పుకోకపోయినా సర్వేకు దరఖాస్తు పెట్టండి. ఆంధ్రలో దీన్ని ఎఫ్-లైన్ అంటారు. పైరు కోశాక కొలిపిస్తే సర్వేయర్ కొలిచే గొలుసు తిన్నగా పడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కొలత తగాదా గట్టు నుంచి మొదలుపెట్టనివ్వకండి. కదలని పాత రాయి, మూడు హద్దులు కలిసే చోటి రాయి అయితే మరీ మంచిది, అక్కడి నుంచి రావాలి. లేకపోతే గట్టులోని తప్పే కొలతలోకీ వస్తుంది. ఆ రోజే రాళ్లు పాతించి, పంచనామా మీద ఇద్దరూ సంతకాలు పెట్టండి. ప్రభుత్వం పాతిన రాయిని పీకితే ఏడాది దాకా జైలు పడొచ్చు.

అప్పటికీ తేలకపోతే రాజీ కుదిర్చే లోక్ అదాలత్ ఉంది. కోర్టు ఫీజు లేదు. ఇద్దరూ రాజీపడితే అక్కడిచ్చే తీర్పు (అవార్డు) కోర్టు డిక్రీతో సమానం, అప్పీలు ఉండదు. బలవంతంగా మీ నేల ఆక్రమిస్తే మాత్రం ఆలస్యం వద్దు. స్వాధీనం తిరిగి ఇప్పించమని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం కింద ఆరు నెలల్లోపే దావా వేయాలి.

హద్దు తేలాక స్తంభాలు రాయికి జానెడు ఇవతల, మీ నేలలోనే పాతండి. రేపు ముళ్లతీగ తెగినా పక్క చేలో కాలు పెట్టకుండా బిగించుకోవచ్చు.