ప్రహరీ గోడ వాస్తు: టేపు కొలత సరిపోయినా తేడా ఎందుకు వస్తోంది?

ప్రహరీ వాస్తు సూత్రాలు మన ఊళ్లలో దాదాపు అందరికీ తెలుసు. నైరుతి ఎత్తుగా, బరువుగా ఉండాలి. ఈశాన్యం పల్లంగా, తేలికగా ఉండాలి. దక్షిణం, పడమర గోడలు ఎత్తులోనూ మందంలోనూ తూర్పు, ఉత్తరం గోడల కంటే ఎక్కువ ఉండాలి. నేను సరిచేసిన గోడల్లో చాలావాటికి సూత్రం తెలియక తప్పు రాలేదు, కొలవడంలోనే వచ్చింది. జనం నాకు చెప్పే ఫిర్యాదులను ఒక్కొక్కటిగా చూద్దాం.

ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చెబుతున్నారు

ముందు అడగాల్సింది ఒక్కటే: దిక్సూచి ఎక్కడ పెట్టి చూశారు? ఇనుప గేటు పక్కనో, చువ్వల కట్టల దగ్గరో నిలబడి ఫోన్‌లో చూస్తే ముల్లు పక్కకు లాగుతుంది. ఫోన్ కవరులో అయస్కాంతం ఉన్నా అంతే. స్థలం మధ్యకు రండి, కవరు తీసేయండి, మూడు చోట్ల చూడండి. మూడూ కలవకపోతే నేలలో ఒక నిటారు కర్ర పాతి, దాని చుట్టూ వృత్తం గీయండి. నీడ కొన పొద్దున ఎక్కడ వృత్తాన్ని తాకిందో, సాయంత్రం ఎక్కడ తాకిందో గుర్తు పెట్టి రెండూ కలపండి. అదే తూర్పు పడమర గీత. మయమతం అనే పాత వాస్తు గ్రంథంలో చెప్పిన శంకువు పద్ధతి ఇదే. దీనికి ఇనుముతో పనే లేదు.

ఈశాన్యం తెగినట్టు వచ్చింది

మేస్త్రీ రోడ్డు వెంట దారం లాగేసి ఉంటాడు. తూర్పు రోడ్డు వంకరగా ఉంటే గోడా వంకరే. ముందు నైరుతి మూలను మూలమట్టానికి తెచ్చుకోండి: ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు గుర్తు పెడితే వాటి మధ్య సరిగ్గా 5 అడుగులు రావాలి. ఆ తర్వాత ఉత్తరం పొడవు దక్షిణం కంటే, తూర్పు పొడవు పడమర కంటే తగ్గకుండా చూడండి. ఉత్తరం తగ్గితే తూర్పు గోడను ఈశాన్యం మూల నుంచి దక్షిణానికి సూటిగా లాగి, ఆగ్నేయం వైపు మిగిలిన ముక్కను గోడ బయట వదిలేయండి. గజం స్థలం పోతుందని మనసు ఒప్పుకోదు, తెలుసు. అయినా వదలండి.

దక్షిణం గోడే ఎత్తు కట్టాం, అయినా వాన నీళ్లు నైరుతిలో నిలుస్తున్నాయి

దీని దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఒక ఇంటికి దక్షిణం, పడమర గోడలు అయిదున్నర అడుగులు, తూర్పు, ఉత్తరం అయిదు అడుగులు కట్టించాను. టేపు పెట్టి మూడుసార్లు చూశాను, అంతా సరిపోయింది. మొదటి గట్టి వానకు ఇంటాయన ఫోన్ చేశారు. వెళ్లి చూస్తే నైరుతి మూలలో చీలమండ లోతు నీళ్లు. మేడ ఎక్కి చూస్తే ఉత్తరం గోడే ఎత్తుగా కనిపిస్తోంది!

సంగతేమిటంటే, ఎక్కడికక్కడ నేల మీద నుంచి కొలిచాం. ఉత్తరం వైపు రోడ్డు ఎత్తు పెరిగిందని ఆ పక్క మట్టి పోయించారు. అక్కడి నేల దక్షిణం కంటే అడుగు ఎత్తయింది. అడుగు ఎత్తు నేల మీద అయిదు అడుగుల గోడంటే దక్షిణం నేల నుంచి ఆరు అడుగులు. అంటే ఉత్తరం గోడ పైఅంచు అర అడుగు పైకి పోయింది. టేపు ఈ తేడాను పట్టదు. రసమట్టం (మేస్త్రీలు వాడే బుడగ ఉన్న మట్టపు బద్ద) ఒక్క గోడ వంపు చెబుతుంది, నాలుగు గోడలను కలిపి చెప్పదు.

పట్టేది లెవెల్ పైపు. సన్నని తెల్ల పైపు నిండా నీళ్లు నింపి, ఒక కొస నైరుతి మూలలో, రెండో కొస ఈశాన్యంలో పట్టుకుని, బొటనవేళ్లు తీసి నీళ్లు కదలడం ఆగేదాకా ఆగండి. రెండు చోట్లా నీటి గీత దగ్గర గోడ మీద సుద్దతో గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తులూ ఒకే మట్టం. అక్కడి నుంచి పైఅంచుకు ఎంత, కిందికి నేల ఎంత, రెండూ కొలవండి. ఒక్క జాగ్రత్త: పైపులో గాలి బుడగ ఉంటే లెక్క తప్పుతుంది. ముందు పైపు మొత్తం ఎండ వైపు పట్టి చూసుకోండి. రంగు కలిపిన నీళ్లైతే బుడగ చప్పున కనిపిస్తుంది.

సరిచేయడం రెండు పనులు, ఒకటి చేసి రెండోది వదలొద్దు. పైఅంచు కోసం దక్షిణం, పడమర గోడల మీద రెండు మూడు వరసలు పెంచండి. నాలుగున్నర అంగుళాల గోడైతే పిల్లర్లు ఆ ఎత్తు దాకా లేకుండా పెంచకండి, గాలివానకు పడిపోతుంది. నేల కోసం నైరుతిలో మట్టి పోసి, ఈశాన్యంలో తీసి, నీళ్లు అటు పారేలా వాలు ఇవ్వండి. గోడ పునాదికి ఆనుకుని మాత్రం తవ్వకండి. ఈశాన్యంలో నీళ్లు బయటికి పోయే తూము ప్లింత్ బీము (గోడ అడుగున వేసే కాంక్రీటు దూలం) కింద మూసుకుపోయిందేమో కూడా చూడండి.

రెడీమేడ్ పలకల గోడకూ ఇదే పరీక్ష. అక్కడ దక్షిణం, పడమర వైపు ఒక పలక ఎక్కువ వేస్తే చాలు.

గేటు

తూర్పు గోడకు ఈశాన్యం వైపు, ఉత్తరానికి ఈశాన్యం వైపు, దక్షిణానికి ఆగ్నేయం వైపు, పడమరకు వాయవ్యం వైపు. ఇంతే. నైరుతి వైపు గేటు ఉంటే అటు మూసి ఇటు తెరవాలి, వేరే దారి లేదు.

ఎదురింటి మేడ ఎత్తు, పక్కవాళ్ల చెట్టు నీడ అంటూ టెన్షన్ పడేవాళ్లుంటారు. అవి మీ గోడ దోషాలు కావు. వీధిపోటు (వీధి సూటిగా వచ్చి స్థలానికి తగలడం) నిజంగా ఉంటే స్థలం చూడకుండా దాని గురించి మాట్లాడలేం.

ఏ ఫిర్యాదుకైనా నన్ను పిలిచే ముందు లెవెల్ పైపు తెప్పించి పెట్టండి. నేను వచ్చినా మొదట చేసేది అదే.